నల్ల రొట్టె లోగుట్టు

రొట్టె నల్లగా ఉంటే ఒంటికి మంచిదన్న నమ్మకం లోకంలో ఎప్పుడు పుట్టిందో గానీ, ఖిదిర్‌పూర్‌లోని ఆ తెలుగింటికి మాత్రం అది డాలస్ నుంచి వచ్చింది. గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి, వచ్చేటప్పుడు రెండు జతల బూట్లతో పాటు ఒక కోరికనూ వెంట తెచ్చుకున్నారు. అక్కడి స్టేక్‌హౌస్‌లో భోజనానికి ముందు చెక్క పలక మీద, వేడివేడిగా, పక్కన వెన్నతో తెచ్చిపెట్టే నల్లటి తియ్యటి రొట్టె. ఆయనకు షుగరుంది. తెల్ల బ్రెడ్డు మానేసి ఆరేళ్లయింది. "ఇది బ్రౌన్ బ్రెడ్డేగా అమ్మడూ, డాక్టరు వద్దనడులే" అంటూ బ్యాంకులో పనిచేసే కూతురికి ఆదివారం పని పురమాయించారు.

ఖిదిర్‌పూర్‌లో తెలుగు కుటుంబమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. వాల్తేరు డివిజన్ 2003 దాకా గార్డెన్‌రీచ్ ఆఫీసు కిందే ఉండేది. ఆ పట్టాల వెంట ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చినవారి పిల్లలు ఇక్కడే చదివి, ఇక్కడే బెంగాలీ, ఉర్దూ నేర్చి, ఇంట్లో మాత్రం చారు కాచుకుంటూ ఉండిపోయారు. ఈ పేటలో రొట్టెకు కొదవా లేదు. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా పక్కనున్న మటియాబురుజులో స్థిరపడ్డాక లక్నో వంటిల్లు కూడా ఆయన వెంట వచ్చింది. రంజాన్ నెలలో షీర్‌మాల్, బాకర్‌ఖానీ కావలసినన్ని. పొద్దున్నే టీలోకి పావు పౌండు పావురుటీ. లేనిదల్లా పెద్దాయన అడిగిన నల్ల రొట్టే.

ఆ రొట్టె పుట్టుక కూడా కొంత తమాషానే. ఆస్ట్రేలియా అడవుల వేషం కట్టి దాన్ని ఊరూరా తినిపించిన ఔట్‌బ్యాక్ స్టేక్‌హౌస్ 1988లో మొదలైంది అమెరికాలోని ఫ్లోరిడాలో. రంగులోనూ ఇలాంటి వేషమే ఉంది. ఓవెన్‌లో రొట్టె పైపొర వేడి 150 డిగ్రీల దాకా పోతుంది. అక్కడ చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి ఎర్రబడతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయి కమీల్ మయార్ 1912లో వర్ణించిన చర్య ఇదే. లోపలి మెత్తటి భాగంలో తడి ఉంటుంది కాబట్టి అక్కడ వేడి నూరు డిగ్రీలు దాటదు. గంటలోపు కాలిన గోధుమ రొట్టె లోపల దానంతట అది నల్లబడే ప్రశ్నే లేదు. పొట్టుతో సహా ఆడించిన పిండి ఇచ్చేది మహా అయితే చపాతీ రంగు. అంతకు మించి నల్లగా ఉందంటే ఎవరో ఏదో కలిపారనే. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతపు పంపర్‌నికెల్ సంగతి వేరు. రై గింజల ఆ రొట్టెను సన్నటి సెగ మీద 16 నుంచి 24 గంటలు కాలుస్తారు. ఆ నలుపు ఓపిక వల్ల వచ్చింది. అమెరికాలో అంతసేపు ఆగేదెవరు? మొలాసిస్, కోకో, కాఫీ పొడితో పని కానిచ్చారు.

డిసెంబర్ కావడంతో మొలాసిస్ కోసం ఆమె వెతుక్కోలేదు. ఖిదిర్‌పూర్ బజారులో నోలెన్ గుర్ దిగింది. అంటే ఈత బెల్లమే. మన దగ్గర ఈతచెట్టు అనగానే కల్లు గుర్తుకొస్తుంది. బెంగాలీలు చలికాలమంతా ఆ చెట్టుకు కుండ కట్టి, తెల్లవారేసరికి దించి, రసం పులిసేలోపే కాచి బెల్లం చేస్తారు. చెట్టు ఒకటే, తొందర వేరు. కోకో పొడి ఫ్యాన్సీ మార్కెట్ దగ్గర దొరికింది. మైదా 250 గ్రాములు, గోధుమపిండి 150, కోకో రెండు చెంచాలు, కాఫీ పొడి ఒకటి, ఈస్ట్ 7 గ్రాములు, కాస్త ఉప్పు, వెన్న, గోరువెచ్చటి నీళ్లలో కరిగించి వడగట్టిన బెల్లం 100 గ్రాములు. పాకం వేడిగా ఉండగా పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. కోకో నీళ్లు పీలుస్తుంది కాబట్టి పిండి గట్టిపడితే రెండు చెంచాల నీళ్లు అదనం. కలకత్తా చలికి పొంగడానికి రెండు గంటలు పట్టింది. 180 డిగ్రీల మీద 35 నిమిషాలు. ముందే నల్లగా ఉన్న ముద్ద కాలిందో లేదో రంగు చూసి చెప్పలేం. తిరగేసి అడుగున వేలితో తడితే డొల్ల చప్పుడు రావాలి. వచ్చింది.

పెద్దాయన మూడు ముక్కలు తిన్నారు. రెండు గంటల తర్వాత మీటరులో అంకె చూసి కూతురు లెక్క వేసింది. రొట్టెకు పన్నెండు ముక్కలు, ముక్కకు ఎనిమిది గ్రాముల బెల్లం. మూడు ముక్కలకు దాదాపు ఐదు చెంచాలు. బెల్లం ఏ చెట్టుదైనా అందులో ఎక్కువ భాగం చక్కెరే. ఆరేళ్ల కిందట మానేసిన తెల్ల బ్రెడ్డులో కూడా ఇంత తీపి ఉండదు.

ఉపాయం లేకపోలేదు. కలకత్తాలో క్రిస్మస్ కేకుకు నలుపు తెచ్చే మాడ్చిన చక్కెర ఉంది. మందపాటి గిన్నెలో చక్కెర కరిగి, బంగారు రంగు దాటి, పొగ లేచేదాకా కాచి, దూరంగా నిలబడి వేడినీళ్లు పోయాలి. అలా మాడితే తీపి చచ్చి చేదు మిగులుతుంది. రొట్టె నల్లబడడానికి రెండు చెంచాలు చాలు. మరుసటి వారం బెల్లం లేకుండా, గోధుమపిండి 300 గ్రాములకు పెంచి, ఆ నలుపు కలిపింది. చూడ్డానికి అదే రొట్టె. నోరు మూసుకుంటే సరిపోయేది. నమ్మకమంతా రంగు మీదే కదా. పెద్దాయన ఒక ముక్క నమిలి, "రంగుంది గానీ రొట్టె లేదే" అన్నారు. అప్పుడు చెప్పింది, అన్నీ.

ఆయన మాట్లాడలేదు. లేచి వెళ్లి, ఆరేళ్లుగా రోజూ తింటున్న బజారు బ్రౌన్ బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చుకుని, కళ్లజోడు పెట్టుకుని వెనక సన్నటి అక్షరాలు చదివారు. మన దేశంలో ఆ జాబితా ఎక్కువ బరువున్న దినుసుతో మొదలుకావాలని నిబంధన. మొదట మైదా ఉంది. చివర్లో ఐఎన్‌ఎస్ 150 అని ఓ అంకె. మాడ్చిన చక్కెర రంగుకు పెట్టిన నంబరది. తెల్ల బ్రెడ్డు మానేశానని డాక్టరుతో, చుట్టాలతో గర్వంగా చెప్పుకున్న మనిషి ప్యాకెట్టును మడత పెట్టి బల్ల మీద ఉంచారు. "ఆరేళ్లు, అమ్మడూ" అన్నారు, అంతే. నోరు మూసుకుని ఉండాల్సిందేమోనని ఆమెకు ఆ రాత్రంతా అనిపించింది.

మర్నాడు బేరం ఆయనే మొదలుపెట్టారు. రోజూ పొద్దున గోధుమ రొట్టెలు రెండు. ఆదివారం మాత్రం ఈత బెల్లం వేసిన అసలు నల్ల రొట్టె, ఒకే ముక్క, ఆ పూట అన్నం సగం. మీటరు అంకె పాత రైల్వే డైరీలో ఎక్కించాలి. ఇక ఫిబ్రవరి దాటాక కొత్త ఈత బెల్లం రాదు. పెద్దాయన విజయనగరంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి తాటి బెల్లం ధర అప్పుడే కనుక్కున్నారు.