నాన్నగారి రైలింజను

దసరా వస్తే మా ఇంట్లో బొమ్మల కొలువు ముందు ఒక రైలు తిరిగేది. చెన్నైలో, పెరంబూరులో, మా వీధి పిల్లలంతా సుండలు కోసం కాదు, ఆ రైలు కోసం వచ్చేవారు.

మా నాన్నగారు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పనిచేశారు. స్విట్జర్లాండు కంపెనీ సహకారంతో 1955లో మొదలైన ఫ్యాక్టరీ అది. 1960లో ఆయన్ని శిక్షణకని ఆ దేశం పంపారు. తిరిగి వస్తూ, పొదుపు చేసిన డబ్బుతో జర్మనీ మెర్క్లిన్ కంపెనీవారి బొమ్మ ఇంజను, మూడు పెట్టెలు, పట్టాలు, ట్రాన్స్‌ఫార్మరు తెచ్చుకున్నారు. అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చూడ్డానికి నల్లని ఆవిరి ఇంజనే గాని, నడిచేది కరెంటుతో.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద సులువుగా జారుతుంది. అందుకని ఒక జత చక్రాలకు సన్నని గాడి కోసి, అందులో రబ్బరు పట్టీ తొడుగుతారు. ఉంగరమంత కూడా ఉండదు. బండి లాగే బలమంతా దాని పట్టులోనే ఉంది.

1980లో నాకు పన్నెండేళ్ళు. ఒక మధ్యాహ్నం, ఇంజను ఇంకా జోరుగా పోవాలని, అమ్మ కుట్టుమిషను నూనె చక్రాలన్నింటికీ ధారగా పోశాను. నూనె తాగిన రబ్బరు ఉబ్బి, సాగి, వారం తిరక్కుండా గాడిలోంచి ఊడిపోయింది. ఎప్పుడూ ఆ ఇంజను చుట్టూ తిరిగేది మా తమ్ముడు. నాన్నగారు వాడినే అనుమానించి ఒక్కటి వేశారు. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

నాన్నగారు కొత్త పట్టీల కోసం మూర్ మార్కెట్టంతా గాలించారు. దొరక్క, సైకిలు వాల్వు ట్యూబు ముక్క కోసి తొడిగారు. అది గాడిలో ఇమడక పైకి పొడుచుకు వచ్చింది. అప్పట్నుంచి మా రైలు కుంటుతూనే తిరిగింది. అట్టముక్కలతో కట్టిన వంతెన మాత్రం ఎక్కలేకపోయేది. చక్రాలు గిర్రున తిరిగేవి, బండి ఉన్నచోటే ఉండేది.

నాన్నగారు 2011లో పోయారు. ఇంజను అటకెక్కింది. ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఇతరుల పద్దుల్లో తప్పులు పట్టిన నేను, నా ఖాతాలోని ఈ తప్పును మాత్రం ఎక్కడా చూపలేదు.

కిందటి దసరాకి పూణే నుంచి తమ్ముడు వచ్చాడు. వాళ్ళమ్మాయి జర్మనీలో చదువుకుంటోంది. ఆ కంపెనీవారి పట్టీలు ఒక చిన్న పొట్లం పంపింది. ఇద్దరం తువ్వాలు పరిచి ఇంజన్ని వెల్లకిలా పడుకోబెట్టాం. చక్రాలను కలిపే కడ్డీ మర విప్పాను. పాత ట్యూబు గట్టిపడి, సూదితో కదపగానే పొడిపొడిగా రాలింది. స్పిరిటులో ముంచిన దూదితో గాడిలోని జిడ్డంతా తుడిచాం. కొత్త పట్టీని ఒకవైపు గాడిలో ఆనించి, పళ్ళపుల్లతో మెల్లగా చుట్టూ దించాలి. మెలిపడకూడదు. ఎక్కువ సాగదీయకూడదు. ఇరుసుకు సూదిమొన మీద నిలిచినంత నూనె చాలు. రబ్బరుకు ఒక్క చుక్కా తగలకూడదు.

ఆ మాట నా నోటినుంచి వచ్చాక ఆగలేకపోయాను. "ఆ రోజు నూనె పోసింది నేనేరా" అన్నాను.

వాడు చాలాసేపు చక్రం కేసే చూశాడు. "దెబ్బ ఎప్పుడో మరిచిపోయాను అన్నయ్యా. ఆ తర్వాత నాన్న నన్ను ఇంజను ముట్టుకోనివ్వలేదు. అదే గుర్తుంది" అన్నాడు.

నలభై ఏళ్ళుగా ఒక దెబ్బ బాకీ ఉన్నాననుకున్నాను. అసలు బాకీ అంతకంటే చాలా పెద్దదని అప్పుడు తెలిసింది. క్షమించమని అడగడానికి మాట రాలేదు. పుల్ల వాడి చేతికిచ్చి, "రెండోది నువ్వు వెయ్యి" అన్నాను. వాడి వేళ్ళు నాకంటే నిదానం. పట్టీ ఒక్కసారికే చక్కగా కూర్చుంది.

సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్ళ ముందు బండి మూడు పెట్టెలతో వంతెన ఎక్కి దిగింది. ట్రాన్స్‌ఫార్మరు పిడి నేను ముట్టుకోలేదు. పండుగ తొమ్మిది రోజులూ వాడే తిప్పాడు.