71 మార్కులొచ్చాయి, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాలేదు

పోయిన వారం రాత్రి పదిన్నరకి చిన్నాన్న ఫోన్. ఆ టైమ్‌లో మధిర నుంచి ఫోనొస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. "ఏం లేదమ్మా, అందరం బాగానే ఉన్నాం" అని ముందే అనేసి, అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వాళ్ళబ్బాయికి ఎప్‌సెట్ ర్యాంకు వచ్చింది. మరీ గొప్ప ర్యాంకు కాదు, తీసిపారేసేదీ కాదు. ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ వస్తుంది. వాడేమో మెకానికల్ కావాలంటున్నాడు.

"నువ్వు చదివిందీ అదే గదా. చదివి ఇప్పుడేం చేస్తున్నావో వాడికి నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు. అయినా గుచ్చుకుంది. నేను బీటెక్ మెకానికల్. ఏడేళ్లుగా హైదరాబాద్‌లో జావా రాసుకుంటూ బతుకుతున్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నాకు గుర్తొచ్చింది ఉద్యోగం కాదు, 2017 సంక్రాంతి.

మా నాన్నకి మధిరలో చిన్న షెడ్డు ఉంది. డీజిల్ ఇంజన్లు, మోటార్లు, స్ప్రేయర్లు, ఏది తెచ్చినా బాగు చేస్తాడు. చదివింది పదో తరగతి, అదీ ఫెయిల్. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి ఆ షెడ్డులోనే హోంవర్క్ చేసుకునేదాన్ని. పానాలు నంబర్ల వారీగా సర్దడం, బోల్టులు కిరసనాయిల్లో కడగడం నా పని. 2014లో ఎంసెట్ కౌన్సెలింగ్‌లో నేను మెకానికల్ పెట్టుకుంటే బంధువులంతా "ఆడపిల్లకి మెకానికల్ ఏంది?" అన్నారు. నాన్న ఒక్కడే ఏమీ అనలేదు. షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ మాత్రం చెప్పుకున్నాడు.

ఇక 2017 సంక్రాంతి సెలవులు. అప్పటికి థర్డ్ ఇయర్ ఫస్ట్ సెమ్ అయిపోయింది. థర్మల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో నాకు 75కి 71. వైరా ఏటి ఒడ్డున మిర్చి వేసిన ఒకాయన ఆటోలో ఇంజన్ వేసుకొచ్చాడు. ఒక సిలిండర్ డీజిల్ ఇంజన్, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే రకం. "పొద్దున్నే మంచిగనే లేస్తదన్నా. ఒక్కసారి ఆపితే మాత్రం మళ్ళీ లేవదు. చల్లారేదాకా కూసోవాల్సిందే" అన్నాడు. కాయ మీదున్న చేను. నీళ్లు ఆగితే అంతే.

నాన్న నావైపు తిరిగి నవ్వుతూ, "నువ్వు చదివేది ఇదే గదమ్మా, చెప్పు" అన్నాడు.

పరీక్ష పెట్టడానికి కాదు. ఆ రైతు ముందు కూతుర్ని చూపించుకోవడానికి. అది నాకు అర్థమైంది కాబట్టే నోరు మరీ ఎండిపోయింది. డీజిల్ సైకిల్ పీవీ డయాగ్రమ్ గుర్తొచ్చింది. ఎఫిషియెన్సీ ఫార్ములా గుర్తొచ్చింది. కటాఫ్ రేషియో గుర్తొచ్చింది. చివరికి "ఫిల్టర్ చూశారా?" అన్నాను. పొద్దున బాగా లేచే ఇంజన్‌కి ఫిల్టర్ అడ్డుపడిందనుకోవడం ఏం లెక్కో నాకే తెలియదు.

నాన్న ఏమీ అనలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి పావుగంట నడిపాడు. ఆపాడు. చేత్తో హ్యాండిల్ మెల్లగా తిప్పాడు. "చూడు, ఎంత తేలిగ్గా తిరుగుతుందో. కంప్రెషన్ లేదు" అన్నాడు. పైన మూత తీశాడు. ఫ్లైవీల్ తిప్పి రెండు వాల్వులూ మూసుకునే చోట ఆపాడు. ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర ఫీలర్ గేజ్ ఆకు దూర్చబోయాడు. దూరలేదు. అసలు సందే లేదు. సీటు అరిగి వాల్వు లోపలికి దిగింది, దాని కాడ పైకి లేచింది. చల్లగా ఉన్నప్పుడు సరిపోతుంది. వేడెక్కగానే కాడ సాగి రాకర్‌ని తన్నుకుంటుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. లోపలి గాలి అలా జారిపోతుంటే డీజిల్ అంటుకునే వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

"వేడెక్కితే ఇనుం పెరుగుద్ది గదమ్మా. దానికి చోటియ్యాలి" అన్నాడు నాన్న. చల్లారాక నట్టు వదులు చేసి, ఆకు పెట్టి ట్యాపెట్ సర్దాడు. "ఇది పండగ గడవడానికే. సీటు పని తర్వాత చూద్దాం, మళ్ళీ తీసుకురా" అని రైతుకి చెప్పాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

ఆ రాత్రి నా నోట్సులు తిరగేశాను. ఇనుము వేడికి ఎంత పెరుగుతుందో లెక్క నాకు సెకండ్ ఇయర్ నుంచే తెలుసు. థర్మల్ స్ట్రెస్ ప్రాబ్లమ్స్ బోలెడు చేశాను. వాల్వు కాడ 100 మిల్లీమీటర్లు అనుకుందాం. 200 డిగ్రీలు వేడెక్కింది అనుకుందాం. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో దాదాపు 10 లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. మూడూ గుణిస్తే 0.24 మిల్లీమీటర్లు. సిలిండర్ హెడ్డు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి నిజంగా కావలసిన సందు కాస్త తక్కువే. నాన్న వాడిన ఆకు మీద 0.20 అని ఉంది.

ఆ లెక్క చూసి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకి తెలిసిందీ నాకు తెలిసిందీ ఒక్కటే. రెండూ ఒకటేనని నాకు మూడేళ్లలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంకా సిగ్గుపడే సంగతి ఉంది. అదే సెమ్‌లో ల్యాబ్‌లో వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ ఎక్స్‌పరిమెంట్ చేశాను. రాకర్‌కీ వాల్వుకీ మధ్య సన్న కాగితం పెట్టి, ఫ్లైవీల్ తిప్పుతూ, కాగితం బిగిసినప్పుడు ఒక గీత, వదులైనప్పుడు ఒక గీత. దారంతో చుట్టు కొలిచి, ఆ గీతల దూరాన్ని డిగ్రీల్లోకి మార్చాలి. అంటే నేను కాగితం దూర్చింది సరిగ్గా నాన్న ఆకు దూర్చిన సందులోనే! నా కళ్లు మాత్రం ఆ సందుని చూడలేదు. కాగితాన్నే చూశాయి.

మా బ్యాచ్‌లో ఆ ఎక్స్‌పరిమెంట్‌కి 12 మందిమి. ఫ్లైవీల్ తిప్పింది ఇద్దరు అబ్బాయిలు. నాకూ ఇంకో అమ్మాయికీ రీడింగులు రాసే పని. "మీకెందుకమ్మా, చేతులు మురికవుతాయి" అని ప్రేమగానే అన్నారు. చేతులు! కిరసనాయిల్లో బోల్టులు కడుగుతూ పెరిగినదాన్ని నేను. ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ జాబ్ కూడా అంతే. ఇనుప ముక్కని రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి, రెండు ముక్కలూ వెలుతురు కనపడకుండా అతకాలి. మా కాలేజీలో కొందరు సీనియర్ల దగ్గర పాత జాబ్ కొనుక్కుని, దానిమీద కొత్త నంబర్ పంచ్ చేయించుకుని సబ్మిట్ చేశారు. మార్కులు వాళ్లకే ఎక్కువొచ్చాయి.

మాకు చెప్పిన సార్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. చాలామంది అప్పుడే ఎంటెక్ చేసి వచ్చినవాళ్లు. వాళ్లకీ ఎవరూ ఇంజన్ విప్పి చూపించి ఉండరు. ఐదు యూనిట్లు, రెండు మిడ్‌లు, ఎక్స్‌టర్నల్ 75. టైమ్‌కి సిలబస్ అవకొట్టడమే వాళ్ల ఉద్యోగం. ఫైనలియర్‌లో గుర్తింపు కోసం కమిటీ వస్తోందని మా మిడ్ పేపర్లలో ప్రతి ప్రశ్న పక్కనా కొత్తగా "ఎల్ 2", "సీఓ 3" అని వేశారు. భారత్ 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తిస్థాయి సభ్యురాలైంది. విద్యార్థి ఏం విన్నాడని కాదు, చివరికి ఏం చేయగలడని కొలవాలనేది ఆ పద్ధతి. ఆలోచన బంగారం లాంటిది. మా దగ్గర మాత్రం ప్రశ్న పాతదే, పక్కన గుర్తు కొత్తది.

ఈ పుస్తకాల బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాతెప్పుడో చదివాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇంజనీరింగ్ చదువుని చేతిపని వైపు నుంచి సైన్సు, లెక్కల వైపు బాగా తిప్పారు. 1955లో గ్రింటర్ కమిటీ రిపోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. 1962 నుంచి పదేళ్లపాటు ఐఐటీ కాన్పూర్‌ని నిలబెట్టడంలో సాయపడింది 9 అమెరికా విద్యాసంస్థలే. తమాషా ఏంటంటే, అటు అమెరికాలోనే 1970ల్లో ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ అనే ప్రొఫెసర్ మెకానికల్ పిల్లలకి తలా ఒక సంచిలో అవీ ఇవీ సామాన్లు పోసి, "వీటితో పనిచేసే యంత్రం తయారు చేసి పోటీకి రండి" అనేవాడు. ఆ క్లాసు పెద్ద పేరు తెచ్చుకుంది. లెక్కలు వదిలేయలేదు వాళ్లు, లెక్క అవసరమయ్యే పని ముందు పెట్టారు. మా నాన్న షెడ్డులో అలాంటి సంచులు నాలుగైనా ఉంటాయి.

2018లో క్యాంపస్‌కి వచ్చిన కంపెనీల్లో దాదాపు అన్నీ సాఫ్ట్‌వేరే. మెకానికల్ కంపెనీ ఒక్కటి వచ్చింది. ఇద్దరిని తీసుకుంది, ఇద్దరూ అబ్బాయిలే, జీతం నాకొచ్చిన దాంట్లో సగం. నేను సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడం త్యాగం కాదు, మోసమూ కాదు. ఇంటి మీద అప్పుంది.

కానీ అక్కడి ట్రైనింగ్‌లో నాకు చదువంటే ఏంటో మొదటిసారి తెలిసినట్టయింది. మొదటి రోజే ఒక చిన్న ప్రోగ్రాం చేతికిచ్చి, "ఇది పనిచేయట్లేదు, ఎందుకో చూడండి" అన్నారు. తప్పు రాస్తే సెకన్లో ఎర్రగా చూపిస్తుంది. సరిచేస్తే సెకన్లో నడుస్తుంది. మూడు నెలల్లో నేను చేసినన్ని తప్పులు నాలుగేళ్ల బీటెక్‌లో చేయలేదు, చేసే అవకాశమే లేదు. ఇనుముతో తప్పు చేస్తే ఖర్చు, నిజమే. కానీ పాత సామాన్లోళ్ల దగ్గర దొరికే ఇంజన్‌ని విప్పి బిగించడానికి ఎంతవుతుంది? మా ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా ఉండే పెద్దాయన ఒక శనివారం, ఎవరూ లేనప్పుడు, మాకు పాత స్కూటర్ ఇంజన్ విప్పి చూపించాడు. సిలబస్‌లో లేదు, అటెండెన్స్ లేదు. ఎనిమిది మందిమి సాయంత్రం ఆరింటిదాకా కదల్లేదు. నాలుగేళ్లలో నాకు తేదీతో సహా గుర్తున్న క్లాసు అదొక్కటే.

సరే, ఇప్పుడు తమ్ముడి సంగతి.

వాడితో మాట్లాడే ముందు వాడు చదవబోయే సిలబస్ డౌన్‌లోడ్ చేసి చూశాను. మార్పులు లేకపోలేదు. ఏఐసీటీఈ 2018లో మోడల్ కరిక్యులం తెచ్చి డిగ్రీ మొత్తాన్ని 160 క్రెడిట్లకి తగ్గించింది. ఇంటర్న్‌షిప్పులకీ ప్రాజెక్టులకీ చోటిచ్చింది. ఇంకో 18–20 క్రెడిట్లు అదనంగా చదివితే వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ తీసుకోవచ్చు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22లో ఇంటర్నల్స్ 40 అయ్యాయి, ఎక్స్‌టర్నల్ 60. అంటే కాలేజీ మనసు పెడితే ఏడాది పొడవునా పని చేయించి మార్కులివ్వొచ్చు. మనసు పెట్టకపోతే 40 కూడా ఊరికే వేసేస్తుంది. సిలబస్ కాగితం అంతవరకే చేయగలదు.

ఇంకోవైపు, 2024–25 నుంచి బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితి ఎత్తేశాక కాలేజీలు సీఎస్‌ఈ పెంచుకుంటూ పోతున్నాయి, మెకానికల్ తగ్గించుకుంటున్నాయి. లేత్ మిషన్ ఉన్న హాల్లో కంప్యూటర్లు పెడితే లాభం. అమ్ముడుపోయేదే అమ్ముతారు, అందులో వింతేం లేదు. నాన్న షెడ్డు కూడా మారింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక డీజిల్ ఇంజన్లు రావడం బాగా తగ్గింది. ఇప్పుడు ఎక్కువ పని మోటారు వైండింగే. అరవై దగ్గర పడ్డాక నాన్న యూట్యూబ్ చూసి సోలార్ పంపుల కంట్రోలర్ నేర్చుకుంటున్నాడు.

తమ్ముడికి వీడియో కాల్ చేశాను. "మెకానికల్ ఎందుకురా?" అంటే, "నాకు పెదనాన్న షెడ్డులో ఉంటే టైమ్ తెలవదక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు లేదు. నేను 2014లో చెప్పింది కూడా అదే.

వద్దు అనలేదు. తీసుకో అని కూడా అనలేదు. "నువ్వు అనుకుంటున్న కాలేజీలకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలడుగు" అన్నాను. ఒక లేత్ మీద ఎంతమంది పని చేస్తారు? ల్యాబ్‌లో పిల్లలు విప్పి బిగించడానికి ఇంజన్ ఉందా? పోయినేడు ఫైనలియర్ ప్రాజెక్టులు ఎక్కడైనా చూడొచ్చా?

వాడు ఐదు కాలేజీలకి చేశాడు. ఇద్దరు "అన్నీ ఉంటాయి బాబూ, ఫీజు ఎప్పుడు కడతారు?" అన్నారు. ఒకరు "మెకానికల్ ఎందుకు, ఏఐ తీసుకో" అని సలహా ఇచ్చారు. ఒకరు ఫోన్ పెట్టేశారు. ఐదో చోట ఎవరో సార్ ఫోన్ తీసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడట. "లేత్‌లు ఆరే ఉన్నాయి, రెండు పాడయ్యాయి. నువ్వొస్తే అవి బాగు చేద్దాం" అన్నాడట.

ఆ కాలేజీకి పెద్ద పేరు లేదు. ప్లేస్‌మెంట్స్ అంతంతమాత్రం. వాడు వెబ్ ఆప్షన్లలో దాన్ని మొదట పెట్టాడు. నా మాట మీద మైనర్ డిగ్రీ కంప్యూటర్ సైన్స్‌లో చేస్తానని ఒప్పుకున్నాడు. దాని కింద వరసగా సీఎస్‌ఈలు.

అలాట్‌మెంట్ వచ్చే వారం. చిన్నాన్న నాలుగు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. నాన్న మాత్రం నిన్న ఫోన్ చేసి, పాత సామాన్ల కొట్లో ఒక ఇంజన్ చూశానని, మూడు వేలంటున్నాడని, వాడి కోసం తీసుకోమంటావా అని అడిగాడు. డబ్బులు పంపాను.