పక్షి ఎక్కడుంది అని అడిగాను



వన్యప్రాణి వారోత్సవాలకు మా ఐదో తరగతి పిల్లలతో కలివికోడి బొమ్మ వేయించాను. ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. తర్వాత మళ్లీ చాలా ఏళ్లు జాడ లేదు. 2025 ఆగస్టులో కడప ప్రాంతంలోనే దాని కూత వినిపించింది.

ఇదంతా చెప్పి, "తిరిగొచ్చిన పక్షిని వేయండి" అన్నాను. పచ్చని అడవులు, జలపాతాలు, ఇంద్రధనుస్సులు వేశారు. నాకు ముచ్చటేసింది. ఒక అమ్మాయి షీటు మాత్రం మొత్తం మట్టిరంగు. ముళ్లపొదలు, రాళ్లు.

"పక్షి ఎక్కడుందమ్మా?" అని అడిగాను. వేలుపెట్టి చూపించింది. "ఇంకాస్త కలర్‌ఫుల్‌గా వేయాల్సింది" అని బి గ్రేడ్ ఇచ్చాను. ఏమీ అనలేదు. షీటు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

ఆ రాత్రి డిస్‌ప్లే బోర్డు కోసం నోట్స్ రాసుకుంటూ చదివాను. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు. ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల కావాలి. కలివి కూడా ఒక ముళ్లపొదే. పక్షి పేరులోనే దాని ఇల్లుంది! ఒంటి రంగు మట్టిలో కలిసిపోతుంది, తిరిగేది రాత్రిపూట. అందుకే పరిశోధకులు నేలమీద మెత్తటి మట్టి పరిచి, అడుగుజాడల కోసం వెతికేవారు. మనం బంజరు అనుకునే అలాంటి నేల కొంత 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకాల్లో పోయింది. పక్షి తిరిగొచ్చినా, ఆ పొదలే లేకపోతే ఎక్కడుంటుంది?

మిగతా పిల్లలు పక్షిని వేశారు. ఆ అమ్మాయి పక్షితోపాటు దాని ఇంటినీ వేసింది. వాళ్ల నాన్నగారు ఫోన్‌లో ఫొటోలు చూపించారట.

మర్నాడు క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాను. గ్రేడ్ మార్చి, షీటు అడిగాను. "మడత పడింది మేడమ్" అంది. ఆ మడతతోనే బోర్డు మధ్యలో పెట్టాం.

మీకో చిన్న మనవి. పిల్లల బొమ్మ వింతగా కనిపిస్తే, వెంటనే దిద్దకండి. "ఎందుకిలా వేశావు?" అని అడగండి. వీలైన ఆదివారం కేబీఆర్ పార్కుకి స్కెచ్‌బుక్‌తో తీసుకెళ్లండి. నెమలి కనిపిస్తే సంతోషం. అది నిలబడిన నేలను, పక్కనున్న పొదనూ వేయమనండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నది వాళ్లు ముందే నేర్చుకుంటారు.

మీ
ఐదో తరగతి క్లాస్ టీచర్,
బోరబండ బ్రాంచ్