తొంభై రోజులు ఆగాలి

"విద్యాశాఖ మూసేస్తే మనకేమిటండీ? బడులు నడిచేది మనం కట్టే ఇంటి పన్నుతోనే కదా!" 2025లో నలుగురు తెలుగువాళ్ళు కలిసిన చోటల్లా ఈ మాట విన్నాను. అందులో నిజం లేకపోలేదు. ఈ దేశంలో పాఠ్యపుస్తకాలు, టీచర్ల జీతాలు, పరీక్షలు అన్నీ రాష్ట్రాలవీ, స్కూలు డిస్ట్రిక్టులవీ. కేంద్రం ఇచ్చేది పది శాతానికి అటూ ఇటూ.

మా బాబుకి ఆటిజం ఉంది. అందుకని నా లెక్క వేరు.

వాడు రెండో తరగతిలో ఉండగా, రాసి ఇచ్చిన స్పీచ్ థెరపీని మా డిస్ట్రిక్టు వాళ్ళు మనిషి దొరకలేదంటూ నెలల తరబడి ఇవ్వలేదు. మీటింగుకి వెళితే బల్లకి అటు ఆరుగురు, ఇటు మేమిద్దరం. నా ఇంగ్లీషు యాసకి వాళ్ళు నవ్వలేదు కానీ, నేను చెప్పింది కాగితం మీదికి ఎక్కలేదు. చివరికి విద్యాశాఖలోని పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు పెట్టాం. లాయరు అక్కర్లేదు, రుసుము లేదు. పోయిన గంటలన్నీ తిరిగి ఇచ్చేటట్టు డిస్ట్రిక్టు ఒప్పుకుంది. బాబు ఇప్పుడు "అమ్మా, నీళ్ళు" అని తెలుగులోనే అడుగుతాడు.

ఆ విభాగాన్ని తన ఇష్టప్రకారం ఎత్తేసే అధికారం మంత్రికి లేదు. విద్యాశాఖని పుట్టించిన 1979 చట్టం ప్రతినిధుల సభలో మొదట 210-206తో, అంటే నాలుగు ఓట్ల తేడాతో గట్టెక్కింది. అంత అనుమానంతో పుట్టింది కాబట్టే కాబోలు, అందులో కళ్ళేలు కూడా పెట్టారు. ఆ చట్టమే ఏర్పాటు చేసిన విభాగాలను మంత్రి రద్దు చేయకూడదు. పేరుపేరునా చెప్పిన మరికొన్నింటిని కలపాలన్నా, మార్చాలన్నా ముందు కాంగ్రెస్ కమిటీలకు తెలియజేసి 90 రోజులు ఆగాలి.

ఇది ఫోనులో చెబితే, ప్రభుత్వ బళ్ళో టీచరుగా చేసిన మా వదిన ఆశ్చర్యపోయింది. "ఒక్క జీవో చాలదూ?" అంది. ఆవిడ అనుభవం ఆవిడది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 వచ్చి 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళకి తరలించింది. ప్రభుత్వం మారాక 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా దూరపు బడికి నడిచింది పిల్లలే కదా.

అయితే అమెరికా కళ్ళెం కూడా అంత గట్టిదేమీ కాదని 2025లో తేలింది. విభాగాన్ని రద్దు చేయకూడదు సరే, అందులో మనుషులే లేకపోతే? మార్చి 11న ఉద్యోగుల కోత ప్రకటించారు. 4,133 మంది ఉన్న శాఖలో మిగిలేది దాదాపు 2,200. పౌరహక్కుల విభాగానికున్న 12 ప్రాంతీయ ఆఫీసుల్లో 7 మూత. బోస్టన్‌లో ఒక జడ్జి మే నెలలో ఆపితే, జూలై 14న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది. నవంబరులో ఆరు ఒప్పందాలతో చాలా పథకాల నిర్వహణను కార్మికశాఖ వగైరాలకు అప్పగించారు. ఆ ఆరింటిలో ప్రత్యేక విద్య లేదని చూసుకునేదాకా నాకు ముద్ద దిగలేదు.

ఈ సందుని పూడ్చడానికే కనెక్టికట్ సభ్యురాలు జహానా హేస్ 2025 జనవరిలోనే ఒక బిల్లు పెట్టారు. ఆవిడ 2016లో జాతీయ ఉత్తమ ఉపాధ్యాయురాలు. శాఖ నిర్మాణాన్ని మార్చడానికీ, సిబ్బందిని తగ్గించడానికీ ప్రభుత్వ సొమ్ము వాడకూడదన్నది దాని సారాంశం. మరోవైపు కెంటకీ సభ్యుడు థామస్ మాసీ 2026 డిసెంబరు 31తో శాఖే ఉండకూడదని ఒక్క వాక్యపు బిల్లు తెచ్చారు.

హేస్ గారి బిల్లు నాకు పూర్తిగా నచ్చిందని చెప్పను. ఏ ఆఫీసునీ ఎప్పటికీ ముట్టుకోకూడదంటే చెదలు పడుతుంది. నేను కోరేది పాత చట్టంలోని ఆ 90 రోజులే, కోతకీ తరలింపుకీ కూడా. మాలాంటి వాళ్ళు తమ సభ్యుడికి ఉత్తరం రాసి, జవాబు తెప్పించుకోవడానికి ఆ పాటి సమయం పడుతుంది. నా ఉత్తరం రెండు పేజీలు వచ్చింది. బాబు ఫొటో ఒకటి జత చేశాను.