మా చిన్న దేశము



గడచిన వైశాఖమున, సింగపూరులో కాపురముండు మా చెల్లెలు నాకు ఫోనులో నొక సందేశము పంపినది. మార్గశిరమున పిల్లలకు సెలవులు వచ్చుననియు, ఈ మారు భూటానుదేశము చూడబోవుచున్నామనియు, అది చిన్న దేశమే యైనను మంచుకొండలు, లోయలు, అడవులు, పూర్వాచారములు నన్నియు నొక్కచోటనే కానవచ్చుననియు, మమ్ముల గూడ రమ్మనియు నందలి సారాంశము. అది పుట్టినింటికి వచ్చి నాలుగేండ్లు దాటినది.

మా అమ్మ నాయొద్దనే యున్నది. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. ఆవేళ వంటయింటి గడపకడ గూర్చుండి పనసగింజలు వలుచుచున్నది. సందేశము చదివి వినిపించితిని. "మంచిదే. పిల్లలు నాలుగు చోట్లు చూడవలసినదే" అన్నది. మరి కొన్ని గింజలు వలిచిన పిదప, తలయెత్తకయే, "ఆ దేశంలో కూడా కొండమీద దేవుడుంటాడటే అమ్మాయీ?" అని యడిగినది. నాకేమనుటకును తోచలేదు. అమ్మకు ఒక కంటిచూపు బాగుగా తగ్గినది. మా పెరటినుండి కొండ కనబడును గాని, మెట్లు కనబడవు.

ఆ రాత్రియే కోపముతో చెల్లెలికి జవాబు వ్రాయ మొదలిడితిని. "దేశమన నేమి? మన పూర్వులు కళింగదేశమనలేదా? వేంగీదేశమనలేదా? మన సింహాచలమును, దాని చుట్టుపట్ల నేలయు చిన్న దేశము కాదా? ఇచట కొండ లేదా? లోయ లేదా? కడలి లేదా?" అని యొక పట్టికయే వ్రాసితిని. మా యింటివారు బడిపంతులు గదా! వెనుకనుండి చదివి, "చక్కగా నున్నది. వీనిలో నీవు కన్నులార చూచినవెన్ని?" అని యడిగిరి.

లెక్కించుకొంటిని. నేను కొండక్రింది అడవివరమున బుట్టి పెరిగినదానను. మా నాయనగారు ఇంటనే భారతభాగవతములు చదివించిరి. ప్రహ్లాదచరిత్రము నాకు కంఠస్థము. కాని ముప్పదియారేండ్లలో నేనెరిగినది గుడి, సంపెంగలు, అనాసతోటలు మాత్రమే. బొర్రాగుహలు చూడలేదు. తొట్లకొండను బస్సులోనుండియే చూచితిని. గిరిప్రదక్షిణ మొక్కమారైనను చేయలేదు. చూడనిదానిని చూడుమని యొకరిని పిలుచుట కంటె సిగ్గుమాలిన పని యుండునా? వ్రాసినదానిని చెరిపివేసి, ముందు చూచి పిదప వ్రాయుదునని నిశ్చయించుకొంటిని.

జ్యేష్ఠమాసమున బడికి సెలవులుండగా రైలెక్కి బొర్రాకు బోయితిమి. కొత్తవలసనుండి కిరండూలువరకు సాగు నా మార్గమున యాభైకి పైగా సొరంగములున్నవి. చీకటి, వెలుగు, మరల చీకటి. ప్రతి వెలుగునందును క్రొత్త లోయ. సున్నపురాతిని నీరు వేలయేండ్లుగా కరగించి మలచిన గుహ యది. పైనుండి వ్రేలాడు రాయియు, క్రిందినుండి లేచు రాయియు చుక్కచుక్కగా పెరిగి యొకదాని నొకటి చేరుచుండును. అచట నాకు తెలిసిన క్రొత్త సంగతి యేమనగా, ఆ గుహనుండి సాగు గోస్తనీనదియే భీమునిపట్టణముకడ సముద్రమున గలియుచున్నది. నేను చిన్ననాట భీమిలిలో కాళ్లు కడిగికొన్న నీరు ఈ కొండకడుపులోనుండి వచ్చినదని నాకెవ్వరును చెప్పలేదు, నేనును అడుగలేదు.

తరువాతి యాదివారము ఆ నది చివర చూడబోయితిమి. భీమిలిలో డచ్చివారు పదునేడవ శతాబ్దమున వర్తకమునకు వచ్చి నిలిచిరి. వారి సమాధులు నేటికిని గలవు. 1861లో నేర్పడిన యచటి పురపాలకసంఘము మనదేశమున మిక్కిలి పాతవానిలో నొకటి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు గలవు. సముద్రము వెనుకకు తగ్గుచు, ముందునకు వచ్చుచు నుండిన ప్రాచీనకాలమున గాలి పోసిన యిసుక అది. వానలు దానిని కోసి గల్లీలుగా జేసినవి. ఆ చేరువనే తొట్లకొండ. రెండువేల యేండ్ల నాటి బౌద్ధభిక్షువులు కడలికెదురుగా నా కొండపై నివసించి, వాననీటికై రాతిలో తొట్లు తొలిచిరి. ఆ తొట్లవలననే దానికా పేరు వచ్చినది. ఒక్కరోజు తిరుగుటలో నెన్ని నేలలు, ఎన్ని కాలములు!

ఇక మా కొండ సంగతి. ఎత్తు సుమారెనిమిది వందల యడుగులు. మెట్లు సుమారు వేయి. గుడి పడమటి మొగమై యుండును. వరాహనరసింహస్వామి యేడాదిపొడవునను చందనమున దాగియుండి, అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిచ్చును. ఆ రాత్రియు, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలందును మారునకు మూడు మణుగుల చొప్పున చందనము సమర్పింతురు. ఆ చందనమును గుడిలోనే రాతిపై చేతులతో నరగదీయుదురు. అయినను ఒక మాట దాచరాదు. 2025 ఏప్రిల్ 30వ తేదీ చందనోత్సవమునాడు వరుసలో నిలిచియున్నవారిపై గోడ కూలి యేడుగురు మరణించిరి. కావున ముసలివారిని, పసివారిని వెంటబెట్టుకొని వచ్చువారు ఆ దినమునే రావలెనని పట్టుపట్టరాదని నా మనవి. చందనమున నున్న స్వామియు స్వామియే గదా!

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు నేను గిరిప్రదక్షిణము చేసితిని. త్రోవ 32 కిలోమీటర్లు. తొలిపావంచయొద్ద కొబ్బరికాయ గొట్టి, కొండను కుడివైపున నుంచుకొని నడువవలెను. ముడసర్లోవ, హనుమంతవాక దాటి అప్పుఘరుకడ సముద్రమున మునిగి, ఊరిలోనుండి మాధవధార జేరి, గోపాలపట్నముమీదుగా మరల మొదటికి వత్తుము. ప్రక్కన నడచుచున్నవారిలో బెస్తలు, రైతుకూలీలు, ఉక్కుకర్మాగారమున పనిచేయువారు, కళాశాల కన్యలు గలరు. వీధివీధిని గృహిణులు బిందెలతో మంచినీరు, మజ్జిగ పట్టుకొని నిలిచి, పేరడుగక పోయుచుండిరి. అర్ధరాత్రమున నా కాళ్లు పొక్కులెక్కినపుడు, నేనెన్నడు నెరుగని యొక యవ్వ నన్ను తన చాపపై గూర్చుండబెట్టి, "లెగు తల్లీ, కొండ కనపడతాంది గందా" అని ధైర్యము చెప్పినది. ఒకే కొండ ఒక్కొక్క మలుపునను వేరొక కొండవలె గానవచ్చినది. ఇంతకాల మొక్క ప్రక్కనుండియే చూచి, దానిని పూర్తిగా నెరుగుదునని భ్రమించితినని యప్పుడు తెలిసినది. పెద్ద దేశమును చూచి రావచ్చును. చిన్న దేశము నైన కాలినడకను చుట్టి రావచ్చును. చిన్నదానియందలి గొప్ప యదియే.

నడువలేనివారు కొండపై గుడికే ప్రదక్షిణము చేయుట మా యాచారము. మరునాడు పూర్ణిమకు అమ్మ నా చేయి పట్టుకొని యట్లే చేసినది. తొంబదియారు స్తంభముల కళ్యాణమంటపముకడ నలసి నిలిచి, ఒక రాతిమీది యక్షరములను వ్రేళ్లతో తడవి, "ఏమని వ్రాసియున్నది?" అని యడిగినది. ఆ గుడిలో 1098-99 నాటి కులోత్తుంగచోళుని కాలపు శాసనము మొదలు వందలకొలది శాసనములున్నవి. అమ్మ తడవినది నేను చదువలేకపోయితిని. బదులుగా నాకు తెలిసిన శాసనమును గూర్చి చెప్పితిని. 1516లో కళింగయుద్ధమునకు వచ్చిన కృష్ణదేవరాయలు సింహాద్రినాథునికి నగలు సమర్పించి, తన తల్లి నాగలాదేవికిని తండ్రి నరసానాయకునికిని పుణ్యము కలుగవలెనని శిలపై చెక్కించెను. అమ్మ విని, "అంత రాజుకూ అమ్మ జ్ఞాపకముండినదన్నమాట" అన్నది. అంతకుమించి యేమియు ననలేదు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి చెల్లెలికి వ్రాసితిని. భూటానును నిందింపలేదు. తన నేలలో నూటికరువది పాళ్లు అడవిగానే యుండవలెనని రాజ్యాంగముననే వ్రాసికొన్న దేశమది, చూడదగినదే. నేను చూచినవి చూచినట్లు, నదియు, దిబ్బలు, మజ్జిగబిందెలు, అవ్వ చాప వ్రాసితిని. మార్గశిరమున అరకులోయలో వలిసెపూలు పచ్చగా విరియునని వ్రాసితిని. కడపట, "నిన్ను రమ్మనుటకు వీనిలో నేదియు నసలు కారణము కాదు. కొండ వేయేండ్లుగా నున్నది, ఇంకను ఉండును. అమ్మ కన్ను ఉండదు. పిల్లల మొగములు ఆమెకు కనబడుచుండగనే రావలెను" అని వ్రాసితిని. కోపమున వ్రాసిన మొదటి జవాబులో ఈ మాట లేదు.

మూడుదినములకు ప్రత్యుత్తరము వచ్చినది. భూటాను టిక్కెట్లు కొనుట ముందే జరిగినది. తిరుగుదారిలో ఆరు దినములు మాయింట నుందురట. గుహలోని నది సముద్రమును జేరుచోట చూడవలెనని మేనకోడలు పట్టుపట్టినదట.

అమ్మతో చెప్పితిని. ఆమె లేచి, మూలనున్న ఇసుక కుండ ముందుకు జరిపి, చేయి పెట్టి చూచినది. వైశాఖమున వలిచిన పనసగింజలలో సగము అందులో దాచియున్నవి. చెల్లెలికి పనసగింజల కూర యనిన ప్రాణము.