మెట్టే అందదు నాయినా

రాత్రంతా రైల్లో కూర్చునే వచ్చి, తెల్లవారి విజయనగరంలో దిగి బొబ్బిలి బస్సు ఎక్కాను. గజపతినగరం, రామభద్రపురం దాటి బొబ్బిలి ఆర్టీసీ కాంప్లెక్సు చేరేసరికి ఎండ ముదిరింది. కోట చూడాలని, గొల్లపల్లి వెళ్లి వీణలు చేసేవాళ్లని కలవాలని బయల్దేరాను. కానీ ఒళ్లు నొప్పులతో ఆ పూట కాంప్లెక్సు బెంచీ మీదే కూర్చుండిపోయాను.

బస్సులో నా పక్కన కూర్చున్నాయన దారిపొడుగునా ఒకటే మాట చెప్పాడు. "ముసలోళ్లకి ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదండీ." ఆయన చెప్పిన లెక్క సరైనదే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు డబ్బుల్లేవు. 60 దాటిన మగవాళ్లకి 25 శాతం తగ్గింపు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

సాలూరు వెళ్లే పల్లెవెలుగు వచ్చి ఆగింది. డెబ్బై దాటిన ఒకావిడ తలుపు దగ్గరికి వచ్చింది. మొదటి మెట్టు ఆమె మోకాలి ఎత్తున ఉంది. ముందు సంచి మెట్టు మీద పెట్టింది. తర్వాత మోకాలు ఆనించింది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని పైకి లాక్కోబోయి ఆగిపోయింది. వెనక ఉన్న కుర్రాళ్లు పక్కనుంచి ఎక్కేశారు. చివరికి కండక్టరు దిగొచ్చి జబ్బ పట్టుకుని ఎక్కించాడు. లోపల వృద్ధులకని రాసిన సీట్లో ఒక కాలేజీ అబ్బాయి కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి చోటిచ్చాడు.

నా బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కంటి పరీక్షకి విజయనగరం వెళుతున్నాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో మడతల దగ్గర చిరిగిన ఆధార్ జిరాక్సు. ఒకప్పుడు రైలుకే వెళ్లేవాడట. రైళ్లలో 60 దాటిన మగవాళ్లకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకి 50 శాతం ఉండే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. మళ్లీ ఇస్తారని టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారని చెప్పాడు. ఆ మాట నేను నిర్ధారించుకోలేకపోయాను. సాలూరు పట్టాల మీద తిరిగిన ఒక్క పెట్టె రైల్‌బస్సును తలుచుకుని కాసేపు సంతోషపడ్డాడు.

సాయంత్రం కాంప్లెక్సు బయటికి వచ్చాను. షేర్ ఆటోల దగ్గర ముసలివాళ్లే ఎక్కువ కనిపించారు. రాజాం రోడ్డులోని పల్లెకి వెళ్లే ఒకావిడని ఆగి అడిగాను.

"బస్సు ఊరికే కదమ్మా, ఆటో ఎందుకు?"

"టిక్కట్టు ఊరికే గానీ నాయినా, మెట్టే అందదు. ఆటో అయితే సెయ్యెత్తిన సోటే ఆగుతాది."

కొంగు ముడి విప్పి రెండు పది రూపాయల నోట్లు తీసి డ్రైవరుకి ఇచ్చింది. నేల నుంచి జానెడు ఎత్తున్న ఆటోలోకి ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చుంది.

ఇలా మెట్టు ఎక్కే అవస్థ అన్నిచోట్లా లేదు. హైదరాబాదులో 2017లో మొదలైన మెట్రోలో ప్లాట్‌ఫారమూ, రైలు గడపా ఒకే ఎత్తున ఉంటాయి. పైకి వెళ్లడానికి లిఫ్టుంటుంది. మోకాళ్లు అరిగిన మా అమ్మ అందులో ఒంటరిగా వెళ్లొస్తుంది. బొబ్బిలిలో మెట్రో కావాలని ఎవరూ అడగలేదు, నేనూ అడగను. ఈ వ్యాసం బస్సులు నడిపించే అధికారులెవరి కంటయినా పడితే ఒక్కటే మనవి: పల్లెవెలుగు తలుపు కింద ఇంకొక్క మెట్టు బిగించండి.