అమ్మమ్మ శ్రుతిపెట్టె

అప్‌డేట్ వచ్చిందంటే చేసెయ్యడమే నాకు తెలుసు. సెలవులకి వెళ్లినప్పుడు అమ్మమ్మ ఐప్యాడ్‌కీ అదే చేద్దామనుకున్నా. 2013లో వచ్చిన మొదటి ఐప్యాడ్ ఎయిర్ అది, ఇంకా ఐఓఎస్ 10 మీదే ఉంది. ప్రవచనాలు వినే యాప్ కొత్త వెర్షన్ అడుగుతోందని ఆవిడే పిలిచింది.

ఇన్‌స్టాల్ నొక్కేముందు ఎందుకో శ్రుతిపెట్టె యాప్ తెరిచా. రాబోయే ఐఓఎస్‌లలో ఇది పనిచెయ్యదని హెచ్చరిక! అమ్మమ్మ ఇన్నేళ్లూ దానికి ఓకే కొట్టేసి పాడుకుంటోందట. అది 32-బిట్ యాప్. ఐఓఎస్ 11 నుంచి అలాంటివి అసలు తెరుచుకోవు. పోనీ నచ్చకపోతే వెనక్కి వద్దామంటే, పాత ఐఓఎస్‌కి కంపెనీ డిజిటల్ సంతకం ఆపేశాక టాబ్లెట్ దాన్ని ఎక్కించుకోదు. అలాగని ఉంచేస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు.

"వేరే శ్రుతి యాప్ వేస్తాలే" అంటూ నా ఫోన్లో ఒకటి వినిపించా.

వయసుతో పాటు ఆవిడ శ్రుతి అయిదు నుంచి నాలుగున్నరకి దిగింది. నాలుగున్నర పెట్టా. తల అడ్డంగా ఊపింది.

"ఇంకో పిసరు తక్కువరా."

"పిసరంటే ఎంత?"

"నా గొంతుకి సరిపోయేంత."

పాత యాప్‌లో చూస్తే ఆ మీట పక్కన అంకె కూడా లేదు, చెవితో తిప్పుకున్నదే.

చివరికి అప్‌డేట్ చెయ్యలేదు. ఐప్యాడ్‌లోంచి ఆవిడ మెయిల్ అకౌంట్ తీసేశా, ప్రవచనాలు ఫోన్లో పెట్టిచ్చా. సెట్టింగ్స్ మీద ఎర్ర ఒకటి మాత్రం అలాగే ఉంది. అది కనపడినప్పుడల్లా నాకు చెయ్యి దురద.